ఖర్చు నగరానిది, నిర్ణయం ఎవరిది? కెనడా పోలీసు బోర్డుల తీరు

2024 చివర్లో పీల్ ప్రాంతీయ పోలీసులు మరుసటి ఏడాదికి కోరిన బడ్జెట్ పెంపు 20 శాతం దాటింది. కెనడాలోని ఒంటారియో ప్రావిన్సులో టొరంటోను ఆనుకుని ఉన్న మిస్సిస్సాగా, బ్రాంప్టన్ నగరాలు ఈ పోలీసుల పరిధిలోకి వస్తాయి. మిస్సిస్సాగా మేయర్ కెరొలిన్ పారిష్ అప్పట్లో పీల్ పోలీసు బోర్డు సభ్యురాలు కూడా. ఇంత పెంపు సరికాదని ఆమె అభ్యంతరం చెప్పారు. ఆ మాట నెగ్గలేదు. నిరసనగా బోర్డు నుంచి తప్పుకున్నారు.

ఏడు లక్షల జనాభా గల నగరానికి ప్రజలెన్నుకున్న మేయర్ ఆమె. అదే నగరం కట్టే పన్నుతో నడిచే పోలీసుల ఖర్చును ఆపలేక, బోర్డునే వదిలిపెట్టాల్సి వచ్చింది. పోలీసు శాఖ అంటే రాష్ట్ర ప్రభుత్వానిదేనని, మునిసిపాలిటీకి దానితో సంబంధం లేదని అలవాటుపడిన మనకు ఈ ఏర్పాటు అంత తేలిగ్గా అర్థం కాదు. కానీ బ్రాంప్టన్‌లోనో మిస్సిస్సాగాలోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి ఇది ఏటా ఇంటికి వచ్చే ఆస్తి పన్ను బిల్లులో కనిపించే విషయం. ఆ బిల్లులో పోలీసుల వాటా ఎంత, అది ఎందుకు పెరుగుతోంది, దాన్ని ఎవరు తగ్గించగలరు అని అడిగితే జవాబు ఒక చోట దొరకదు. డబ్బు ఒకరిది, చట్టం ఇంకొకరిది, జీతాలు తేల్చేది మూడో వారు, రోజువారీ పోలీసింగ్ నడిపేది నాలుగో వారు. ఈ నలుగురి మధ్య ప్రజల తరఫున కూర్చునేదే పోలీసు బోర్డు.

సర్కసు గొడవతో మొదలైంది

బోర్డు ఎందుకు పుట్టిందో తెలిస్తే ఇప్పటి చిక్కుల్లో సగం విడిపోతాయి.

1855 జులైలో టొరంటోకు ఒక అమెరికన్ సర్కసు వచ్చింది. ఆట ముగిశాక ఆ సర్కసు విదూషకులు కొందరు కింగ్ వీధిలోని ఒక వేశ్యాగృహానికి వెళ్లారు. అక్కడ స్థానిక అగ్నిమాపక దళం వాళ్లతో గొడవపడి వాళ్లను చితకబాదారు. మర్నాడు అగ్నిమాపక దళం వాళ్లు జనాన్ని వెంటేసుకుని వచ్చి సర్కసు డేరాలు కూలదోశారు, బళ్లకు నిప్పు పెట్టారు. పోలీసులు అక్కడే ఉన్నారు. కానీ విచారణలో మాత్రం దాడి చేసినవాళ్లలో ఎవరినీ గుర్తుపట్టలేమన్నారు. కారణం ఊరందరికీ తెలుసు. పోలీసులు, అగ్నిమాపక దళం వాళ్లు, కౌన్సిలర్లు చాలామంది ఆరెంజ్ ఆర్డర్ అనే ఒకే ప్రొటెస్టెంట్ సంఘానికి చెందినవారు. ఆ రోజుల్లో కానిస్టేబుల్ ఉద్యోగాలు కౌన్సిలర్లు తమవాళ్లకు పంచిపెట్టుకునే పదవులు.

ఇలాంటివి పునరావృతం కావడంతో 1858లో చట్టం తెచ్చి, పోలీసులను నగర కౌన్సిల్ చేతుల్లోంచి తప్పించి ఒక ప్రత్యేక బోర్డుకు అప్పగించారు. మేయరుతో పాటు ఇద్దరు న్యాయాధికారులు అందులో ఉండేవారు. 1859లో టొరంటోలో పాత పోలీసులందరినీ తొలగించి కొత్త దళాన్ని ఏర్పాటు చేశారు.

అంటే బోర్డు మొదట పుట్టింది పోలీసులను అదుపులో పెట్టడానికంటే కూడా, పోలీసులను నగర రాజకీయాల నుంచి కాపాడటానికి. ఆ రోజుకు అది అవసరమే. కానీ కౌన్సిల్‌కూ పోలీసులకూ మధ్య అప్పుడు కట్టిన గోడ బడ్జెట్ చట్టంలో నేటికీ చెక్కుచెదరలేదు. ఈలోగా ప్రజల అవసరం తలకిందులైంది. పోలీసులు తమను ఇబ్బంది పెట్టినప్పుడు, తమ డబ్బు ఎటు పోతోందో తెలియనప్పుడు, తమ తరఫున అడిగేవారు కావాలని నేటి నగరవాసి కోరుకుంటున్నాడు. ఆ పని చేయాల్సింది కూడా అదే బోర్డు.

పన్ను వేసేవారికి పద్దులపై మాట లేదు

కెనడా రాజ్యాంగం ప్రకారం న్యాయపాలన ప్రావిన్సుల పరిధిలోనిది. అందుకే పోలీసు చట్టాలు చేసేది ప్రావిన్సులు. పట్టణాలు, నగరాల పోలీసు ఖర్చు మోసేది మాత్రం మునిసిపాలిటీలు. వాటికి ఉన్న ప్రధాన ఆదాయం ఆస్తి పన్ను ఒక్కటే. ఆదాయపు పన్ను, అమ్మకపు పన్ను లాంటి పెరిగే వనరులు పై ప్రభుత్వాల చేతుల్లో ఉన్నాయి. పైగా రోజువారీ ఖర్చులకు మునిసిపాలిటీలు లోటు బడ్జెట్ పెట్టడానికి చట్టం ఒప్పుకోదు. పోలీసులకు ఒక డాలరు ఎక్కువ ఇవ్వాలంటే పన్నైనా పెంచాలి, లేదా గ్రంథాలయం, బస్సు, పార్కు, ఇళ్ల పథకాల్లో ఏదో ఒకదాన్నైనా కోయాలి. వాంకూవర్‌లో నిర్వహణ బడ్జెట్‌లో దాదాపు ఐదో వంతు, విన్నిపెగ్‌లో నాలుగో వంతుకు పైగా పోలీసులకే వెళ్తుంది. టొరంటో పోలీసుల నికర బడ్జెట్ 2016లోనే 100 కోట్ల డాలర్లు దాటింది. 2025కు అది 120 కోట్లు దాటేసింది.

ఒంటారియోలో 1990 నాటి పోలీసు చట్టం స్థానంలో కమ్యూనిటీ సేఫ్టీ అండ్ పోలీసింగ్ చట్టం 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పెద్ద నగరాల్లో ఏడుగురు సభ్యుల బోర్డు ఉంటుంది. మేయర్, ఇద్దరు కౌన్సిలర్లు, కౌన్సిల్ నియమించే ఒక పౌరుడు, ప్రావిన్సు నియమించే ముగ్గురు. పోలీసు దళానికి అధిపతి అయిన చీఫ్ తయారుచేసిన అంచనాలను బోర్డు పరిశీలించి కౌన్సిల్‌కు పంపుతుంది. కౌన్సిల్ మొత్తం ఎంత ఇవ్వాలో నిర్ణయించవచ్చు. అంతే. ఫలానా పద్దు వద్దు, ఫలానా విభాగానికి తగ్గించండి, కొత్త వాహనాలు కొనకండి అని చెప్పే అధికారం దానికి లేదు. కౌన్సిల్ ఇచ్చింది చాలదనుకుంటే బోర్డు మధ్యవర్తి దగ్గరికి వెళ్లవచ్చు. అక్కడ చూసేది, చట్టం కోరే తగినంత పోలీసింగ్‌కు ఈ డబ్బు సరిపోతుందా లేదా అన్నదే. నగరానికి ఇంకెన్ని అవసరాలున్నాయన్నది అక్కడ ప్రధాన ప్రశ్న కాదు.

ఏడుగురిలో నలుగురు నగరం తరఫువారే కదా అని సందేహం రావచ్చు. సంఖ్య నిజమే. కానీ బోర్డులో కూర్చున్న కౌన్సిలర్ అక్కడ కౌన్సిల్ ప్రతినిధిగా కాక బోర్డు సభ్యుడిగా నడుచుకోవాలి. పోలీసింగ్ సరిగా ఉందా లేదా అన్నది చూడటమే అక్కడ ఆయన చట్టబద్ధమైన విధి. ఉదయం బోర్డులో పెంపునకు ఓటేసి, సాయంత్రం కౌన్సిల్‌లో పన్ను గురించి బాధపడాల్సిన పరిస్థితి.

బ్రిటిష్ కొలంబియాలో ప్రావిన్సు పట్టు ఇంకా గట్టిది. అక్కడి బోర్డులో నగరం తరఫున ఉండే ఇద్దరు మినహా మిగతావారంతా ప్రావిన్సు నియమించినవారే. ఏడుగురి వరకు అలా నియమించవచ్చు. ఈ తేడా ఎంత దూరం వెళ్తుందో వాంకూవర్ చూసింది. 2020 డిసెంబర్‌లో, కోవిడ్ వల్ల ఆదాయం పడిపోయిన సమయంలో, ఆ నగర కౌన్సిల్ మరుసటి ఏడాది పోలీసు బడ్జెట్‌లో బోర్డు అడిగినదానికంటే 57 లక్షల డాలర్లు తక్కువ ఇచ్చింది. మొత్తం బడ్జెట్‌తో పోలిస్తే అది చిన్న మొత్తం. బోర్డు ప్రావిన్సు పోలీసు సేవల డైరెక్టర్‌కు అప్పీలు చేసింది. 2022 మార్చిలో తీర్పు వచ్చింది. ఆ 57 లక్షలూ ఇచ్చి తీరాల్సిందేనని డైరెక్టర్ ఆదేశించారు. ఆయన ఎన్నికైన వ్యక్తి కాదు, ఆ డబ్బు ప్రావిన్సు ఖజానా నుంచి రాదు. అయినా నగరం కట్టాల్సిందే.

టొరంటోలో 2024 ప్రారంభంలో అంత దూరం పోకుండానే తేలిపోయింది. పోలీసులు సుమారు 2 కోట్ల డాలర్ల పెంపు కోరారు. నగర అధికారులు అందులో 1.26 కోట్లు కోసి ప్రతిపాదించారు. ఆ కోత వల్ల ప్రజల భద్రతకు ముప్పు వస్తుందని చీఫ్ మైరన్ డెమ్‌కివ్ బహిరంగంగా చెప్పారు. అంతకుముందు అత్యవసర కాల్స్‌కు పోలీసులు చేరుకోవడానికి పడుతున్న సమయం మీద నగరంలో ఆందోళన ఉండనే ఉంది. కొద్ది వారాల్లో మేయర్ ఒలీవియా చౌ పూర్తి మొత్తాన్ని పునరుద్ధరించారు. ఏ ఎన్నికైన నాయకుడికైనా, రేపు ఏదైనా ఘోరం జరిగితే కోత వల్లే జరిగిందన్న మాట పడటం ఎంత కష్టమో పోలీసు శాఖకు తెలుసు. లైబ్రరీ అధికారికి అలాంటి మాట చెప్పే వీలు లేదు. బడ్జెట్ బేరంలో ఈ అసమానత ఏ చట్టంలోనూ రాసి లేదు గానీ, రాసి ఉన్నవాటికంటే బలంగా పనిచేస్తుంది.

ఖర్చు ఎందుకు పెరుగుతోంది

కెనడాలో పోలీసు ఖర్చులో ఐదింట నాలుగు వంతులకు పైగా జీతాలు, భత్యాలు. టొరంటోలో అది 90 శాతానికి చేరువ. కాబట్టి బోర్డు సమావేశాల్లో కొత్త కార్ల గురించి, హెలికాప్టర్ల గురించి ఎంత వేడిగా మాట్లాడుకున్నా, అసలు బరువు జీతాల ఒప్పందంలోనే ఉంటుంది.

ఒంటారియోలో పోలీసులు సమ్మె చేయకూడదు. దానికి బదులుగా, చర్చలు విఫలమైతే మధ్యవర్తి తీర్పు కోరే హక్కు వారి సంఘాలకు ఉంది. మధ్యవర్తి చూడాల్సిన అంశాల్లో యజమాని కట్టగల స్తోమత కూడా ఒకటని చట్టం చెబుతుంది. ఆచరణలో అది ఎప్పుడూ వెనకబెంచీలోనే ఉంటుంది. నగరం పన్ను పెంచుకోగలదు కాబట్టి స్తోమత ఉన్నట్లేనన్నది వాదన. తీర్పును నిజంగా నడిపించేది పక్క నగరంలో ఎంత ఇస్తున్నారన్న పోలిక. టొరంటోలో పెరిగితే పీల్‌లో అడుగుతారు, పీల్‌లో పెరిగితే యార్క్, హాల్టన్, డర్హమ్‌లలో అడుగుతారు, మళ్లీ చుట్టూ తిరిగి టొరంటోకు వస్తుంది. 2000ల ప్రారంభంలో టొరంటో, అనుభవం ఉన్న పోలీసులు పక్క దళాలకు వెళ్లిపోకుండా సర్వీసును బట్టి 3, 6, 9 శాతం అదనపు వేతనం ప్రవేశపెట్టింది. అది కొద్ది ఏళ్లలో ప్రావిన్సు అంతా పాకింది. అందరూ ఇస్తున్నప్పుడు దాని వల్ల ఎవరూ ఎక్కడా ఆగిపోరు. ఖర్చు మాత్రం ఉండిపోయింది, జీతంలో శాశ్వత భాగంగా. ఇప్పుడు టొరంటోలో మొదటి శ్రేణి కానిస్టేబుల్ మూల వేతనమే ఏడాదికి లక్ష డాలర్లు దాటింది.

పోలీసులకు మంచి జీతం ఇవ్వకూడదని నేను అనను. రాత్రిపూట తలుపు కొట్టి లోపల ఏముందో తెలియకుండా అడుగుపెట్టే ఉద్యోగం అది. నా అభ్యంతరం వేరు. బిల్లు కట్టేవారికి బేరంలో చోటు లేకపోవడం తప్పు. దీనికి ఆర్‌సీఎంపీ, అంటే కెనడా జాతీయ పోలీసు దళం, కంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. ఒంటారియో, క్యుబెక్ తప్ప దేశంలో చాలాచోట్ల పట్టణాలు సొంత పోలీసులను పెట్టుకోకుండా ఆర్‌సీఎంపీని ఒప్పందంపై తీసుకుంటాయి. 2012లో కుదిరిన ఇరవై ఏళ్ల ఒప్పందం ప్రకారం 15 వేలలోపు జనాభా ఉన్న మునిసిపాలిటీ ఖర్చులో 70 శాతం, అంతకు మించినది 90 శాతం భరించాలి. మిగతాది కేంద్రానిది. 2015లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆర్‌సీఎంపీ పోలీసులకు సంఘం పెట్టుకునే హక్కు దక్కింది. వారి మొదటి వేతన ఒప్పందం 2021లో కుదిరింది. ఆరేళ్లకు దాదాపు 24 శాతం పెంపు, అదీ 2017 నుంచి వర్తించేలా. బేరమాడింది కేంద్ర ప్రభుత్వం, పోలీసు సంఘం. ఎంత వస్తుందో ముందే తెలియక కొన్ని పట్టణాలు అరకొరగా నిధి పక్కన పెట్టుకున్నాయి, కొన్ని అదీ చేయలేదు. ఆ బకాయిలను కేంద్రమే భరించాలని మునిసిపాలిటీలు రెండేళ్లు వేడుకున్నాయి. 2023 కేంద్ర బడ్జెట్ కుదరదని చెప్పేసింది.

ఒంటారియో గ్రామీణ ప్రాంతాల్లో పనిచేసే ప్రావిన్షియల్ పోలీసుల విషయంలోనూ అంతే. కొత్త వేతన ఒప్పందం వల్ల 2025 బిల్లులు ఒక్కసారిగా ఎగబాకాయి. చిన్న మునిసిపాలిటీలు గగ్గోలు పెట్టాక ప్రావిన్సు ప్రభుత్వం దాదాపు 7.7 కోట్ల డాలర్ల ఉపశమనం ప్రకటించింది. అది ఒక ఏడాది గండం గట్టెక్కించే సాయమే.

జీతాల తర్వాత పెరిగేది పని. పని పెరగడానికి కారణం నేరాలే కానక్కర్లేదు. నేర విచారణ 18 నెలల్లో, పెద్ద కోర్టుల్లో 30 నెలల్లో ముగియాలని 2016లో సుప్రీంకోర్టు జోర్డాన్ కేసులో గడువు పెట్టింది. మంచి తీర్పే. కానీ దానివల్ల సాక్ష్యాలన్నీ త్వరగా సిద్ధం చేసి ఎదుటి పక్షానికి అందజేయాలి. శరీరానికి తగిలించుకునే కెమెరాల వీడియోలు, ఫోన్ల డేటా గంటల తరబడి చూసి, సంబంధం లేనివారి ముఖాలు చెరిపి, భద్రపరచాలి. ఆ కెమెరాలు కావాలని అడిగింది ప్రజలే, జవాబుదారీతనం కోసం. దాని ఖర్చూ పోలీసు బడ్జెట్‌లోనే పడింది. ఇక మానసిక గాయాలతో సెలవులో ఉన్న పోలీసుల సంఖ్య పెరిగింది. 2016 నుంచి ఒంటారియోలో పోలీసులకు వచ్చే పీటీఎస్‌డీని, అంటే భయానక అనుభవాల తర్వాత వేధించే మానసిక రుగ్మతను, ఉద్యోగం వల్ల వచ్చినదిగానే పరిగణిస్తున్నారు. అది న్యాయం. కానీ వారి స్థానంలో ఇంకొకరు ఓవర్‌టైమ్ చేస్తారు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మానసిక సంక్షోభంలో ఉన్నవారి కాల్స్. ప్రావిన్సులు ఆస్పత్రి పడకలు, మానసిక వైద్య సేవలు, ఆశ్రయం తగినంతగా ఇవ్వకపోతే ఆ మనిషి వీధిలో కుప్పకూలిన రోజు ఫోన్ వెళ్లేది అత్యవసర నంబరు 911కే. ఇద్దరు పోలీసులు వచ్చి, మానసిక ఆరోగ్య చట్టం కింద ఆ మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్లి, వైద్యులు బాధ్యత తీసుకునేదాకా అత్యవసర విభాగంలో వేచి ఉంటారు. ఆ నిరీక్షణ గంటలు పడుతుంది. అంటే ప్రావిన్సు ఆరోగ్య శాఖ మిగుల్చుకున్న డబ్బు నగరం ఆస్తి పన్నులో ఖర్చవుతోంది. పైగా తుపాకీ పట్టుకున్న మనిషి ఈ పనికి సరైనవాడు కాడు. 2020 జూన్‌లో మిస్సిస్సాగాలో స్కిజోఫ్రీనియాతో బాధపడుతున్న 62 ఏళ్ల ఏజాజ్ చౌధరి సొంత ఇంట్లోనే పీల్ పోలీసుల తూటాలకు బలయ్యారు. కుటుంబం పిలిచింది వైద్య సాయానికి. టొరంటోలో 2022లో ప్రయోగంగా మొదలై 2024 నాటికి నగరమంతటికీ విస్తరించిన కమ్యూనిటీ క్రైసిస్ సర్వీస్ ఈ లోటు పూడ్చే ప్రయత్నం. 211కు ఫోన్ చేస్తే పోలీసులకు బదులు శిక్షణ పొందిన సంక్షోభ సహాయకులు వస్తారు. అయితే దీనివల్ల పోలీసు బడ్జెట్ తగ్గలేదు. కొత్త సేవ ఖర్చు పాత ఖర్చు మీద వచ్చి చేరింది.

ఇంత డబ్బుకు ఫలితం వస్తోందా? టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో దేశంలోని 20 పెద్ద మునిసిపాలిటీల పోలీసు బడ్జెట్లను, నేరాల రేట్లను దశాబ్దానికి పైగా కాలానికి పోల్చి చూశారు. రెండింటి మధ్య నిలకడైన సంబంధం కనిపించలేదు. దీన్ని బట్టి పోలీసులు అక్కర్లేదని తేల్చడం పొరపాటు. అయితే డబ్బు పెంచితే భద్రత పెరుగుతుందని ఆధారం లేకుండా నమ్మేయడం కూడా పొరపాటే. ఈ రెండో పొరపాటే బోర్డుల్లో ఎక్కువగా జరుగుతోంది.

అడగకపోవడానికి అయిన ఖర్చు

పౌర పర్యవేక్షణ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఫిర్యాదుల వ్యవస్థ. అది వేరే సంగతి. 1988లో టొరంటో పరిసరాల్లో ఇద్దరు నల్లజాతీయులు పోలీసు కాల్పుల్లో చనిపోయాక రేగిన ఆందోళనతో, 1990లో ఒంటారియోలో ప్రత్యేక దర్యాప్తు విభాగం ఏర్పడింది. పోలీసుల చర్య వల్ల ఎవరైనా చనిపోయినా, తీవ్రంగా గాయపడినా అది దర్యాప్తు చేస్తుంది. వాంకూవర్ విమానాశ్రయంలో 2007లో పోలీసులు విద్యుత్ షాక్ ఇచ్చే టేజర్ ప్రయోగించగా రాబర్ట్ జికాన్‌స్కీ మరణించిన తర్వాత బ్రిటిష్ కొలంబియా కూడా 2012లో అలాంటి సంస్థనే తెచ్చింది. క్యుబెక్‌లోనిది 2016లో పని మొదలుపెట్టింది. ఇవన్నీ జరిగిపోయిన దాని మీద విచారించేవి. జరగబోయేదాని మీద ముందే ప్రశ్నించాల్సింది బోర్డు.

బోర్డుకు ఉన్న అధికారాలు తక్కువేమీ కాదు. చీఫ్‌ను నియమించేది, పనితీరు అంచనా వేసేది, తొలగించేది బోర్డే. విధానాలు, ప్రాధాన్యాలు నిర్ణయించేదీ అదే. ఫలానా కేసును ఇలా దర్యాప్తు చేయండి, ఫలానా వ్యక్తిని అరెస్టు చేయండి అని మాత్రం ఆదేశించకూడదు. దర్యాప్తు చేస్తున్న పోలీసు అధికారి ప్రభుత్వ ఆజ్ఞకు లోబడినవాడు కాడని 1999లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ఈ హద్దు ఉండాల్సిందే. చిక్కల్లా, ఆదేశించకూడదు అన్నదాన్ని బోర్డులు అడగకూడదు అని అర్థం చేసుకోవడంలో వచ్చింది.

2010 జూన్‌లో టొరంటోలో జీ20 సదస్సు జరిగింది. వారాంతంలో 1,100 మందికి పైగా అరెస్టయ్యారు. శాంతికాలపు కెనడా చరిత్రలో అన్ని అరెస్టులు ఎప్పుడూ లేవు. ఆదివారం సాయంత్రం క్వీన్, స్పడైనా వీధుల కూడలిలో నిరసనకారులతో పాటు కూరగాయలు కొనుక్కుని వెళ్తున్నవాళ్లను, దారినపోయేవాళ్లను కూడా పోలీసులు నాలుగు వైపులా చుట్టుముట్టి, కుండపోత వానలో గంటల తరబడి నిలబెట్టారు. చాలామందిని తూర్పున ఒక పాత సినిమా స్టూడియోలో ఏర్పాటు చేసిన తాత్కాలిక నిర్బంధ కేంద్రంలో కిక్కిరిసిన బోనుల్లో ఉంచారు. తర్వాత బోర్డే విశ్రాంత న్యాయమూర్తి జాన్ మోర్డెన్‌తో సమీక్ష చేయించింది. 2012లో ఆయన తేల్చింది ఇది. సదస్సు ప్రణాళిక గురించి బోర్డుకు దాదాపు ఏమీ తెలియదు. ఆపరేషన్ల వైపు తొంగి చూడటం తమ పని కాదన్న తప్పుడు నమ్మకంతో ఏళ్లుగా బోర్డు అడగడమే మానేసింది. చట్టం అడగవద్దని ఎక్కడా అనలేదు. అప్పటి బోర్డు అధ్యక్షుడు భారత సంతతికి చెందిన ఆలోక్ ముఖర్జీ. ఆ సమీక్షకు బోర్డు సిద్ధపడటమే ఒక మంచి పని అని చెప్పాలి.

ఆ వారాంతంలో నిర్బంధానికి గురైనవారి తరఫున వేసిన దావా పదేళ్లు నడిచింది. 2020లో టొరంటో పోలీసు బోర్డు 1.65 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. ఒక్కొక్కరికి 5,000 నుంచి 24,700 డాలర్ల వరకు. ముందే వేయగలిగిన నాలుగు ప్రశ్నల ఖరీదు అది. నిర్బంధ కేంద్రంలో ఎంతమంది పడతారు? వాళ్లకు లాయర్లు ఎప్పుడు దొరుకుతారు? జనాన్ని చుట్టుముట్టాలని ఎవరు నిర్ణయిస్తారు? దారినపోయేవాళ్లు బయటికి ఎలా వస్తారు?

ఇంత తెలిశాక కూడా అదే తప్పు ఒట్టావాలో జరిగింది. 2022 జనవరి చివర్లో కోవిడ్ ఆంక్షలకు నిరసనగా వచ్చిన ట్రక్కుల కాన్వాయ్ రాజధాని నడిబొడ్డున తిష్ఠ వేసింది. మూడు వారాల పాటు నివాసులకు నిద్ర లేదు. చీఫ్ పీటర్ స్లోలీ దగ్గరున్న ప్రణాళిక ఏమిటో బోర్డుకు తెలియదు. తెలుసుకునే హక్కు ఎంతవరకు ఉందో బోర్డుకూ స్పష్టంగా తెలియలేదు, చెప్పడానికి చీఫ్ కూడా ఇష్టపడలేదు. ఫిబ్రవరి 15న ఆయన రాజీనామా చేశారు. మర్నాడే నగర కౌన్సిల్ బోర్డు అధ్యక్షురాలు డయాన్ డీన్స్‌ను తప్పించింది. కేంద్రం అప్పటికే అత్యయిక చట్టాన్ని ప్రయోగించింది. ఆ తర్వాత విచారణ జరిపిన జస్టిస్ పాల్ రూలో 2023 నివేదికలోనూ ఈ బోర్డు వైఫల్యం ప్రస్తావన ఉంది.

ఒంటారియోలోనే ఉన్న థండర్ బే నగరం కథ ఇంకా విషాదం. అక్కడ ఆదివాసుల మరణాలను పోలీసులు సరిగా దర్యాప్తు చేయడం లేదని ఏళ్లుగా ఆరోపణలు. 2018 డిసెంబర్‌లో రెండు నివేదికలు ఒకేసారి వచ్చాయి. తొమ్మిది మరణాలను తిరిగి దర్యాప్తు చేయాలని ఒకటి చెప్పింది. సెనేటర్ ముర్రే సింక్లెయిర్ రాసిన రెండోది నేరుగా బోర్డునే తప్పుపట్టింది. జాత్యహంకారం కళ్లెదుట ఉన్నా బోర్డు దాన్ని గుర్తించలేదు, చీఫ్‌ను నిలదీయలేదు అంది. బోర్డు అధికారాలను తీసేసి నిర్వాహకుడిని పెట్టారు. నాలుగేళ్లు తిరగకుండానే 2022లో మళ్లీ అదే చేయాల్సి వచ్చింది.

ఈ వైఫల్యాలకు సభ్యులను మాత్రమే నిందించలేం. చాలా బోర్డుల సభ్యులకు ఇది పార్ట్‌టైమ్ పని. సొంత విశ్లేషకులు లేరు. ముందుకొచ్చే బడ్జెట్ చీఫ్ కార్యాలయం తయారుచేసినదే, దాన్ని సమర్థించే లెక్కలూ అక్కడివే. ప్రావిన్సు నింపాల్సిన స్థానాలు ఒక్కోసారి నెలల తరబడి ఖాళీగా ఉంటాయి. వంద కోట్ల డాలర్ల పద్దును ఇలాంటి పరిస్థితుల్లో ఎవరు మాత్రం తరచి చూడగలరు? పోలీసు శాఖతో సంబంధం లేని ఇద్దరు ముగ్గురు బడ్జెట్ నిపుణులను ప్రతి పెద్ద బోర్డుకూ ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. వాళ్ల జీతాలు ఆ బడ్జెట్‌లో లెక్కకు కూడా రావు. ఒంటారియో కొత్త చట్టం సభ్యులకు శిక్షణ తప్పనిసరి చేసింది. తీవ్రమైన ఆరోపణలున్న అధికారులను కొన్ని సందర్భాల్లో జీతం లేకుండా సస్పెండ్ చేసే వీలూ ఇచ్చింది. ఇంతకుముందు జైలు శిక్ష పడేదాకా జీతం ఇవ్వాల్సి వచ్చేది. ఇవి మంచి అడుగులే. కౌన్సిల్‌కు పద్దుల వారీగా మాట్లాడే హక్కు మాత్రం ఆ చట్టమూ ఇవ్వలేదు.

నగరం తన పోలీసులను మార్చుకోవాలన్నా తుది మాట తనది కాదని బ్రిటిష్ కొలంబియాలోని సర్రే నేర్చుకుంది. 2018లో గెలిచిన మేయర్ ఆర్‌సీఎంపీని తీసేసి సొంత దళం పెడతానన్నారు. 2022లో గెలిచిన మేయర్ బ్రెండా లాక్ ఆర్‌సీఎంపీనే ఉంచుతానన్నారు. 2023 జులైలో ప్రావిన్సు మార్పు జరగాల్సిందేనని ఆదేశించింది. నగరం కోర్టుకెళ్లి 2024 మేలో ఓడిపోయింది. చివరికి పదేళ్లలో 25 కోట్ల డాలర్ల వరకు సాయానికి ప్రావిన్సుతో ఒప్పందం కుదిరి, ఆ ఏడాది నవంబర్ 29న సర్రే పోలీస్ సర్వీస్ బాధ్యతలు తీసుకుంది. రెండు ఎన్నికల్లో ఓటర్లు రెండు రకాలుగా చెప్పారు. తేల్చింది ప్రావిన్సు, కోర్టు.

అయితే నగరవాసి చేతిలో ఏమీ లేదనుకోవడం సరికాదు. పోలీసు బోర్డు సమావేశాలు సాధారణంగా బహిరంగంగానే జరుగుతాయి, అజెండా ముందుగానే ఆన్‌లైన్‌లో పెడతారు. ముందుగా పేరు నమోదు చేసుకుంటే టొరంటో, పీల్ లాంటి చోట్ల ఎవరైనా కొద్ది నిమిషాలు మాట్లాడవచ్చు. బడ్జెట్ అంచనాలు శరదృతువులో బోర్డు ముందుకు వస్తాయి. కౌన్సిల్‌కు చేరేసరికి మొత్తం ఒక్కటే మిగులుతుంది కాబట్టి, పద్దుల గురించి అడగాలంటే అడగాల్సిన చోటు బోర్డే. ఎంతమంది దీర్ఘకాలిక సెలవులో ఉన్నారు, వాళ్ల స్థానంలో ఓవర్‌టైమ్ ఎంత అయింది, నిరుడు కొత్త నియామకాల పేరిట తీసుకున్న డబ్బుతో నిజంగా ఎంతమందిని తీసుకున్నారు, ఆస్పత్రుల్లో వేచి ఉండటానికి ఎన్ని గంటలు పోయాయి, అందులో ఎన్ని సంక్షోభ సహాయకులకు అప్పగించదగ్గవి, కోర్టు బయట సర్దుబాట్లకు ఎంత చెల్లించారు? ఈ చివరి ప్రశ్నకు జవాబు చాలాసార్లు గోప్య ఒప్పందాల మాటున ఉండిపోతుంది. వ్యక్తుల పేర్లు బయటపెట్టనక్కర్లేదు. ఏటా ఎన్ని సర్దుబాట్లు, మొత్తం ఎంత, ఏ రకం ఫిర్యాదులు అన్నంతవరకైనా బోర్డు ప్రకటించాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, బోర్డు ఒక విధానం ఆమోదిస్తే చాలు.